బొగ్గు మానేసిన చెయ్యి

ఇస్త్రీ పెద్దమ్మ పెట్టె ఊపడం చూడని వాళ్ళు ఆ సందులో లేరు. ఇత్తడి పెట్టెలో బొగ్గులు మందగించినప్పుడల్లా దాన్ని బల్ల మీద నుంచి ఎత్తి, మోకాలి పక్కగా ముందుకీ వెనక్కీ రెండు ఊపులు ఊపేది. లోపల నిప్పు రాజుకునేది, పని మళ్ళీ సాగేది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి దగ్గర నేర్చిన ఊపు అది. భర్త పోయాక కొడుకుని పెంచి పెద్దచేసింది, ఓ ఇంటివాణ్ణి చేసింది, అంతా ఆ ఊపు మీదే. ఆవిడకి నోరెక్కువ అంటారు. ఎక్కువే. కానీ ఆవిడ మడత పెట్టిన చొక్కా చేతికొచ్చాక ఆ నోటిని భరించడం ఎవరికీ కష్టమనిపించలేదు.

ఇస్త్రీ బల్లా, మనవరాలి ఉయ్యాలా ఒకే గదిలో ఉండేవి. చంటిదానికి ఏడో నెలలో ఆయాసం పట్టుకుంది. నిద్రలో ఈల వేసినట్టు ఊపిరి తీసేది. డాక్టరమ్మ పిల్ల వీపుకి గొట్టం ఆనించి విని, "ఇంట్లో ఏం కాలుస్తున్నారు?" అని అడిగింది. సంగతి విన్నాక మొహమాటం లేకుండా చెప్పేసింది. "ఆ గదిలో పొగైనా ఉండాలి, పిల్లయినా ఉండాలి. రెండూ కుదరవు."

ఇంటికి రాగానే కోడలు బట్టలు మూట కట్టుకుంది.

"మా అమ్మావాళ్ళింటికి వెళ్తాను అత్తయ్యా. మీరు పని మానలేరు. నేను పిల్ల ఊపిరితో పందెం కాయలేను."

కోడలు గొడవపడినా బాగుండేది. గొడవల్లో ఎప్పుడూ పెద్దమ్మదే పైచెయ్యి. ఈ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. పెద్దమ్మ లేచి, బొగ్గు బస్తా మూతి బిగించి కట్టింది. దాన్నీ పెట్టెనీ పెరట్లో రేకుల కిందకి ఈడ్చిపారేసి వచ్చింది.

"మూట విప్పు అమ్మాయ్. ఈ ఇంట్లోంచి వెళ్ళేది నువ్వు కాదు, బొగ్గు."

కరెంటు పెట్టె కొనుక్కుంటే పోయేదిగా అని మీకు అనిపించవచ్చు. ఆ సందుకి కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. పైగా బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే కొడుకు ఆ మాటే అంటే ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "ఆ కరెంటు మాత్రం ఎక్కడిదిరా? ఎక్కడో నేల తవ్వి తెచ్చిన రాక్షసి బొగ్గు తగలేస్తేనేగా? తవ్వేకొద్దీ తరిగేదే గానీ మళ్ళీ పెరిగేదా అది? మన పొగ తీసుకెళ్ళి ఇంకో ఇంటి పిల్ల మీదకి తోలడమేగా?"

కొడుకు తన మోటారు సైకిలు అమ్మేసి కరెంటు పెట్టె కొని, డాబా మీద సోలార్ పలకలు పెట్టించాడు. అవి బిగించడానికి వచ్చినతను ఉన్నదున్నట్టు చెప్పే రకం.

"పెద్దమ్మా, ఎండకి పొగ లేదు, అయిపోతుందన్న బెంగ లేదు. కానీ మనం పిలిచినప్పుడు రాదు. మబ్బేస్తే నీరసం, పొద్దుగూకితే నిద్ర. ఈ బ్యాటరీ మీద లైటూ ఫ్యానూ తిరుగుతాయి గానీ, ఇస్త్రీ పెట్టె పెడితే అది ఛార్జంతా ఒక్క గుటకలో మింగేస్తుంది. కొన్నేళ్ళకి బ్యాటరీ కూడా ముసలిదైపోతుంది."

"అయితే నాకు తోడుంటుందిలే. బిగించు."

అతను చెప్పని చిక్కు ఆవిడ చేతిలోనే ఉంది. బొగ్గుల పెట్టె తన బరువుతోనే మడత దించేది. కరెంటు పెట్టెని భుజం పెట్టి నొక్కాలి. అదైనా నేర్చుకుంది గానీ, వేడి తగ్గిందనిపించిన క్షణంలో చెయ్యి దానంతటదే లేచి పెట్టెని ఊపింది. వైరు బిగుసుకుంది. పెట్టె చేతిలోంచి ఎగిరి హెడ్‌మాస్టరు గారి తెల్లచొక్కా మీద పడింది. తీసేలోగా వీపు మీద గోధుమరంగు ముద్ర దిగిపోయింది.

హెడ్‌మాస్టరు చొక్కాని వెలుగుకి పెట్టి చూశాడు. "బొగ్గుతో ఇన్నేళ్ళు చేశావు, ఒక్క చొక్కా కాల్చలేదు కదా పెద్దమ్మా!"

"చొక్కాలు కాల్చలేదు బాబూ. పిల్ల గుండెలే కాల్చాను. మీకు కొత్తది కుట్టించి ఇస్తాను. పెట్టె మాత్రం మార్చను."

పనివేళలు తలకిందులయ్యాయి. మధ్యాహ్నం కునుకు తీసి, చల్లబడ్డాక బల్ల దగ్గరికి చేరడం ఆవిడ అలవాటు. ఇప్పుడు ఎండ ఉన్నంతసేపే ఇస్త్రీ. నీళ్ళు చల్లడాలు, మడతలు, ఇళ్ళకి చేర్చడాలు అన్నీ సాయంత్రానికి మారాయి. "పొద్దున్నిచ్చి గంటలో కావాలంటే నా వల్ల కాదు. సూర్యుడు మీ నౌకరూ కాదు, నా నౌకరూ కాదు," అని గుమ్మాలెక్కి మరీ చెప్పొచ్చింది. కొందరు మూతి ముడుచుకుని వేరే కొట్టు చూసుకున్నారు. పోయినవాళ్ళ గురించి ఆవిడ బాధపడలేదని చెప్తే అబద్ధం.

తర్వాత ముసురు పట్టింది. వదలని ముసురు. ఆస్పత్రి నర్సుల దుస్తులు గుట్టగా ఉన్నాయి, తెల్లారేసరికి కావాలి. ఆ ఖాతా పోతే ఇక బల్ల అమ్ముకోవడమే. పెట్టె అరచేతికి గోరువెచ్చగా తగులుతోంది. వీధి కరెంటు పొద్దుటి నుంచీ లేదు.

పెద్దమ్మ పెరట్లోకి వెళ్ళి, బొగ్గు బస్తా భుజానేసుకుని, ఇత్తడి పెట్టె పట్టుకుని లోపలికొచ్చింది. కోడలి మొహం పాలిపోయింది. అప్పట్నుంచీ విప్పకుండా అటక మీద పెట్టిన మూట దించింది.

పెద్దమ్మ ఆగలేదు. గదిలో అడుగు నిలపకుండా వీధి గుమ్మం దాటేసింది. సందు చివర బస్సులు ఆగడం మానేసిన పాత షెడ్డు ఉంది. బస్తా అక్కడ దించి, బల్ల కోసం వెనక్కొచ్చింది. అప్పుడు కనబడింది మూట.

"అదెందుకు దించావు?"

"మీరు మాటిచ్చారు అత్తయ్యా."

"ఇచ్చాను. పిలిస్తే పలికేది ఈ బొగ్గొక్కటేనమ్మాయ్, కాదనను. పలికితే పలకనీ, నిప్పుతో మాత్రం గడప తొక్కనివ్వను. నా కంఠంలో ప్రాణముండగా తొక్కనివ్వను. పట్టు, బల్ల అవతలి కొస పట్టు."

కోడలు కళ్ళు తుడుచుకుని, పిల్లని భర్త చేతికిచ్చి, బల్ల కొస పట్టుకుంది. షెడ్డులో పెద్దమ్మ కోడల్ని గాలి వచ్చే వైపు నిలబెట్టి, తను పొగ వైపు నిలబడింది. ఒకరు రుద్దుతుంటే ఒకరు మడిచారు. చీకటి పడేలోగా నర్సుల దుస్తులు గీత చెదరకుండా ఆస్పత్రికి చేరాయి. బొగ్గు మళ్ళీ రేకుల కిందకి పోయింది, ఈసారి సందు చుట్టూ తిరిగి, పెరటి దారిన.

ఎండలు వచ్చాయి. చెయ్యి మాత్రం ఊపు మానలేదు. ఇక దానితో పోరాడటం దండగని పెద్దమ్మ పై కప్పుకి కొక్కెం వేయించి, వైరుని వదులుగా వేలాడదీసుకుంది. ఇప్పుడు ఎంత ఊపినా లాగదు.

ఒక మధ్యాహ్నం హెడ్‌మాస్టరు బట్టల కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్ల కోడు పట్టుకుని నిలబడ్డ మనవరాలు, రెండో చేత్తో ఖాళీ సబ్బుపెట్టెని మోకాలి పక్కగా ముందుకీ వెనక్కీ ఊపుతోంది. ఊపి ఊపి, పకపకా నవ్వింది. నవ్వు చివర ఈల లేదు, ఆయాసం లేదు.

"అప్పుడే నేర్పేశావా పెద్దమ్మా?"

పెద్దమ్మ పెట్టె పక్కన పెట్టి, మనవరాలి చేతిలోని సబ్బుపెట్టె వైపు చూసింది.

"ఊపనీ బాబూ. అందులో నిప్పు లేదుగా."