నాయన స్కేలు

టేకు పొట్టు వాసన తగిలితే హోసూరులో మా ఇంటి వసారా గుర్తొస్తుంది. నాయన అక్కడ కూర్చుని ఫౌండ్రీకి చెక్క ప్యాటర్న్‌లు చేసేవాడు. వాటిని ఇసుకలో అదిమి తీస్తే పడిన గుంటలో కరిగిన ఇనుము పోసేవాళ్లు.

ఒకరోజు బళ్లో టీచరు నా ఎత్తు కొలిచి, బాగా పెరిగావన్నారు. ఆ సంబరంతో ఇంటికి పరుగెత్తుకొచ్చి, నాయన పొడుగాటి స్టీలు స్కేలుతో మళ్లీ కొలిపించుకున్నాను. వేలి మందం తక్కువ వచ్చింది! ఏడుపు ఆగలేదు.

"యాడ పోయింది నాయనా నా పొడుగు? దావలో అరిగిపోయినానా?"

నాయన ఉలి పక్కన పెట్టి పడీపడీ నవ్వాడు.

"నువ్వేం అరగలేదమ్మా. ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది. దానికే ప్యాటర్న్‌ను రవంత పెద్దదిగా చేస్తాము. ఈ స్కేల్లో ఒక్కో సెంటీమీటరూ మామూలు దానికన్నా రవంత పెద్దది."

"అయితే నేను చల్లారినానా?" అన్నాను.

ఇప్పుడు మా పాప ఎత్తు కూడా ఇంట్లో ఆ స్కేలుతోనే కొలుస్తాను. బళ్లో కొలిచిన రోజల్లా, ఒక్కపూటలో వేలి మందం పెరిగానంటూ ఎగురుకుంటూ వస్తుంది. స్కేలు సంగతి దానికింకా చెప్పలేదు.