ఎడమ చెప్పు పట్టీలో కన్నం

దెయ్యాలంటే నాకు నవ్వు. మా చర్చిలో ఎవరైనా లేచి దర్శనాల గురించి సాక్ష్యం చెబుతుంటే కూడా గోడవైపు చూసేదాన్ని. ఇప్పుడూ అంతే. ఇది చదివి నన్ను మార్చేద్దామని ఎవరూ బయల్దేరకండి.

తొంభైల చివరి మాట. నర్సీపట్నంలో ఉంటూ కోటవురట్ల వైపు ఒక స్కూల్లో టీచరుగా పనిచేసేదాన్ని. బస్సు దిగాక చాలా నడవాలి. అందుకని బజార్లో చెప్పులు కుట్టే అప్పన్న దగ్గర కాగితం మీద పాదం పెట్టి కొలత ఇచ్చి, వెడల్పాటి పట్టీతో తోలు చెప్పులు కుట్టించుకున్నాను.

నాలుగు రోజులు తొడిగానో లేదో, ఒక ఉదయం ఎడమ పట్టీ నడుమ రూపాయి బిళ్ళంత కన్నం. ఎలుక కొరికినట్టు లేదు. అంచు నున్నగా ఉంది. ఇంట్లో నేనూ, చూపు ఆనని మా అమ్మా తప్ప ఎవరూ లేరు.

నేరుగా అప్పన్న మీదికి వెళ్ళాను. నాసిరకం తోలు అంటగట్టావని గొడవపడ్డాను. అతను చెప్పు తిప్పి తిప్పి చూసి, "ఇది సిరిగినది కాదు టీచరమ్మా, ఎవులో కోసినారు" అని మాసిక వేసిచ్చాడు. మర్నాటికి మాసిక లేదు. మళ్ళీ వేయించాను. మళ్ళీ పోయింది. నాకు ఒళ్ళు మండింది. సరే, కన్నంతోనే తొడుక్కుంటాను, ఏం చేస్తావో చెయ్ అని ఎవరి మీదో తెలియకుండానే పంతం పట్టాను.

ఏడాది తిరక్కముందే, సరిగ్గా ఆ కన్నం ఉన్నచోట పాదం మీద రేగిపండంత బుడిపె లేచింది. ఊళ్ళో ఒక డాక్టరుగారు చూసి, నీటిబుడగ, కోసేస్తే పోతుందన్నారు.

కోసే రోజు ఆయన ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, ఆ చెప్పుల్లోనే ఉన్న పాదం వంక చూస్తున్నాను. కన్నం అంచుని ఆనుకుని బుడిపె లేస్తోంది, దిగుతోంది. ఒట్టి కాలైతే, పోల్చి చూసుకోడానికి ఆ అంచు లేక, అంత చిన్న కదలిక కనిపించేదే కాదు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూసుకున్నాను. రెండూ కలిసే కొట్టుకుంటున్నాయి.

లోపలికెళ్ళి ఆ మాటే చెప్పాను. "భయంవల్ల అలా అనిపిస్తుందమ్మా, పడుకోండి" అన్నారు డాక్టరుగారు. నేను పడుకోలేదు. "ముందు మీరు వేలు పెట్టి చూడండి సార్. అప్పటిదాకా కొయ్యనివ్వను" అన్నాను. విసుక్కుంటూనే పెట్టారు. ఆయన మొహం పాలిపోయింది. బ్లేడు ట్రేలో పడేసి, ఇవాళే విశాఖపట్నం వెళ్ళమన్నారు.

అక్కడ స్కాన్ తీసి, అది రక్తనాళం గోడ బలహీనపడి ఉబ్బిన ఎన్యూరిజం అన్నారు. పాదంలో రావడం చాలా అరుదట. తెలియక కోసి ఉంటే నెత్తురు ధారకట్టేది, పాదానికే ముప్పు వచ్చేది. ఆ నాళాన్ని నొక్కిపట్టి, చీలమండ పక్కనుంచి వచ్చే రెండో నాళం ఒక్కటే వేళ్ళకి రక్తం అందిస్తుందో లేదో చూశారు. అందిస్తోంది. అప్పుడు నాళం కట్టేసి ఉబ్బు తీసేశారు. నా పాదం నాకు దక్కింది.

చర్చిలో దేవదూత అన్నారు. పక్కింటివాళ్ళు చనిపోయిన మా నాన్న అన్నారు. మా నాన్నకి కత్తెర పట్టుకోవడమే రాదు! ఎవరి మాటా ఒప్పుకోలేదు. కొలత తీసినప్పుడు అప్పన్న వేలికి ఏదో తగిలి ఉంటుంది, అక్కడ ఒరుసుకోకూడదని అతనే పట్టీ కోసి ఆ ముక్క పైపైన అతికించి ఉంటాడు, మాసికలు కూడా ఊడిపోయేలా కుట్టి ఉంటాడు అని తేల్చేసుకున్నాను.

కాలు మానాక పంచె, చొక్కాగుడ్డ కొనుక్కుని అతని దగ్గరికి వెళ్ళాను. "అప్పన్నా, నువ్వే కదూ కోసింది?"

అతను నా పాదం మీద మచ్చని చూశాడు. బట్టలు నా వైపు జరిపేశాడు.

"నాను కొయ్యనేదు టీచరమ్మా. సెయ్యని పనికి బట్టలెలాగ తీసుకుంతాను?"

అవును నేనే అని అతను ఒక్క అబద్ధమాడి ఆ పంచె తీసుకుని ఉంటే, ఈ రోజుకీ నేను హాయిగా నిద్రపోయేదాన్ని. ఆడలేదు.