బోరు నీళ్లు పోసిన పాత కారులో నాగమ్మను కడపకు తీసుకుపోయిన రోజు

మా ఇంటామె నాగమ్మకు కడుపులో కుడిపక్క నొప్పి. స్కానింగ్‌కు పరగడుపున, పొద్దున పదిన్నరకల్లా రమ్మని కడపలో ఒక డాక్టరు చెప్పాడు. మా ఊరికి కర్నూలు దగ్గర కదా, కడప ఎందుకని మీరు అడగొచ్చు. ఆమె చెల్లెలు ఉండేది కడపలో. స్కానింగ్‌లో ఏమన్నా తేలి ఆపరేషన్ అంటే పక్కన ఒక ఆడమనిషి కావాలి. బాడుగ కారు మాట్లాడతానని అల్లుడు ఫోన్ చేశాడు. ఇంటి ముందర సొంత కారు పెట్టుకొని బాడుగ ఎందుకని ఫోన్ పెట్టేశాను. పాత కారు వేసుకొని దూరం పోదామనుకునేవాళ్లు ఇది చదవాలి. నాకు చదువు తక్కువ, మాట మోటు. ఆ రోజు నేను పడిన భయం మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది బేతంచెర్ల. నాపరాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు మిషన్ నడిపాను. నా కారు వెనక డిక్కీ ఉన్న పొడుగు బండి, వయసు పదిహేడేళ్లు. నాలుగేళ్ల కిందట లక్షా పదివేలకు కొని చవకగా కొట్టేశానని మీసం దువ్వుకున్నాను. ఆ తర్వాత అది నన్ను ఏటా కొడుతూనే ఉంది. ఒక ఏడు క్లచ్ ప్లేట్లకు తొమ్మిది వేలు, ఇంకో ఏడు బ్యాటరీ, రెండు టైర్లు. పదిహేనేళ్లు నిండినందుకు మళ్లీ రిజిస్ట్రేషన్ అని ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు వేరే. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి. వారానికోసారి మా బోరు నీళ్లే పోసేవాణ్ని. నీళ్లకు బదులు కూలెంట్ కొని పొయ్యమని ఎవరన్నా చెబితే నవ్వేవాణ్ని. ముప్పై ఏళ్లు పాలిష్ మిషన్‌కు అట్లాంటి బోరు నీళ్లే పెట్టాను, దానికేమీ కాలేదు, కారుకేమవుతుందని నా ధీమా.

పొద్దున ఆరింటికి బయలుదేరాం. నాగమ్మకు చక్కెర జబ్బు. తినొద్దన్నారు కాబట్టి తినలేదు గానీ, ఇన్సులిన్ సూది మానకూడదని నేనే పట్టుబట్టి వేయించాను. పెట్రోలు పదమూడు వందలకు కొట్టించాను, పోవడానికి సరిపోతుంది. బనగానపల్లెలో రోడ్డు పక్కన మామిడికాయల గంపలు దించుతున్నారు. ఆగుదామని నాగమ్మ అంది. నేను ఆపలేదు. బండి వేడి మీద ఉన్నప్పుడు ఆపితే సెల్ఫ్ మొండికేస్తుంది, నలుగురి ముందర తోయించుకోవడం నాకు నామోషీ. కోవెలకుంట్ల మీదుగా ఎనిమిదింటికి ఆళ్లగడ్డ చేరి, అక్కడ పెద్ద రోడ్డు ఎక్కాం.

ఆళ్లగడ్డ దాటిన కాసేపటికి ఏసీ గాలి చల్లదనం పోయింది. వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి పోతోంది. మీటరు అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టాను. ముల్లు దిగలేదు. పదిన్నరకు చేరాలి, నడుమ ఆపితే బండి మళ్లీ లేస్తుందో లేదో తెలియదు. మీటరే తప్పు చూపిస్తోందని నాకు నేనే చెప్పుకొని తోలాను. చాగలమర్రి దాటి దువ్వూరు వైపు పోతుండగా బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి ఎగిసి ఎదుటి రోడ్డు కనపడకుండా పోయింది. ఎట్లాగో పక్కకు తీసి ఆపాను. తొమ్మిది కూడా కాలేదు, అప్పుడే ఎండ కాల్చేస్తోంది. చుట్టూ చెట్టన్నది లేదు.

బానెట్ ఎత్తి, తువ్వాలు చేతికి చుట్టుకొని రేడియేటర్ మూత తిప్పబోయాను. వెనక ఒక లారీ ఆగి, డ్రైవర్ అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

“ఓ పెద్దాయనా! చెయ్యి తీయ్! ఆ మూత తీస్తే నీ మొగం ఉడికిపోతాది!”

“నాకు మిషన్లు తెలుసులేప్పా.”

“తెలిసినోడివి ఈడెందుకు నిలబడుకోని ఉండావు? ముందు లోపల ఆయమ్మను చూడు, ఎట్లనో ఉండాది.”

అప్పుడు చూశాను. నాగమ్మ తల కిటికీకి ఆనించి ఉంది. జాకెట్టు చెమటకు తడిసిపోయింది. పిలిస్తే కళ్లు తెరిచింది గానీ మాట ముద్దగా వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. సూది వేసుకొని ఏమీ తినకపోతే చక్కెర పడిపోతుందని నాకు తెలుసు, ఇంట్లో ఒకసారి చూసిందే. తెలిసి కూడా కారులో ఒక బిస్కెట్ పొట్లం పెట్టుకోలేదు. రోడ్డు మీదే కూలబడ్డాను. నలభై ఏడేళ్ల కాపురాన్ని ఈ ఇనుప డబ్బాలో నా చేతులతో నేనే చంపుకుంటున్నానని అనిపించింది.

డ్రైవర్ పేరు ఓబులేసు. సూది వేయించి పరగడుపున స్కానింగ్‌కు తీసుకుపోతున్నానని అతనికి చెప్పాను. టీ కాచుకునే చక్కెర లారీలో ఉంది. లోటాలో నీళ్లు పోసి నాలుగు చెంచాలు కలిపి, ఆమె మింగగలుగుతోందని చూసుకొని కొంచెం కొంచెం తాగించాడు.

“తాగు పెద్దమ్మా. స్కానింగ్ రేపన్నా చేస్తారు.”

పది నిమిషాలు గడిచాయి. నా జన్మలో అంత పొడుగు పది నిమిషాలు లేవు. నాగమ్మ కళ్లు నిలిపి నా వైపు చూసి, “లెయ్యి, పంచె పాడైతాది” అంది. లేచి పంచె దులుపుకున్నాను. ఓబులేసు లారీ నీడలో ఆమెను కూర్చోబెట్టి, దువ్వూరు నుంచి తనకు తెలిసిన మెకానిక్‌ను పిలిపించాడు.

మెకానిక్ మస్తాన్ ఇంజను చల్లారేదాకా ముట్టలేదు. చల్లారాక మూత తీసి లోపల వేలు పెట్టి చూపించాడు. వేలంతా తెల్లగా ఉంది.

“ఇదేంది పెద్దాయనా, సున్నం బట్టీనా? యా నీళ్లు పోస్తాండావు?”

“మా బోరు నీళ్లు. పాలిష్ మిషన్‌కు ముప్పై ఏళ్లు అవే పెట్టినాం.”

“మిషన్ మీద నీళ్లు పారి పోతాయప్పా. దీంట్లో అవే నీళ్లు తిరుగుతా కాగుతాంటాయి. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా కడతాది కదా? అదే ఈడా కట్టింది. సన్న గొట్టాలన్నీ పూడుకోని పోయినాయి.”

ఆ గిన్నెను నాగమ్మ వారం వారం చింతపండుతో తోముతుంటే చూస్తూ కూర్చున్నవాణ్ని నేను.

వేడికి పగిలిన రబ్బరు గొట్టం మార్చి, లోపల కడిగి, కూలెంట్ పోసి రెండు వేల మూడు వందలు తీసుకున్నాడు. ఏసీ వెయ్యొద్దు, యాభై దాటొద్దు, కడపలో రేడియేటర్ మార్పించమన్నాడు. మధ్యాహ్నం రెండింటికి కడప చేరాం. రేడియేటర్ మార్చడానికి ఆరున్నర వేలు, రెండు రోజులు పట్టాయి. మరుసటి పొద్దున స్కానింగ్‌కు ఆటోలో పోయాం. ఈసారి సూది వేయాలా వద్దా అని ముందే డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను. పిత్తాశయంలో రాళ్లున్నాయి గానీ చిన్నవే, ఇప్పటికి ఆపరేషన్ వద్దన్నారు.

ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు నాగమ్మ మెల్లగా అంది: “ఆళ్లగడ్డ కాడనే నాకు కాలిన వాసన వచ్చింది. కాళ్లకు వేడి తగిల్తాండె.”

“మరి చెప్పలేదేమే?”

“చెప్తే కసురుకుంటావని. నాకు కళ్లు తిరుగుతాండేది గూడా అందుకే చెప్పలా.”

ఆ మాట ఆవిరి కంటే ఎక్కువ కాల్చింది. ముల్లు లేవడం చూసి నేను భయపడుతూ నోరు మూసుకున్నాను. నాకు భయపడి ఆమె నోరు మూసుకుంది. రేడియేటర్ మార్చడానికి డబ్బు ఉంటే చాలు. నలభై ఏడేళ్లుగా నేను కసురుకున్న కసుర్లు ఎక్కడెక్కడ గట్టిపడి ఉన్నాయో, వాటిని ఎట్లా కడగాలో ఏ మెకానిక్‌నూ అడగలేను. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆమె ఏమి చెప్పినా ఆపాను. ఊరికే ఆపమన్నప్పుడు కూడా ఆపాను.

పాత కారుతో పోయేవాళ్లకు ఒక్క మాట: బయలుదేరే ముందు వేడి చూపించే ముల్లు ఎక్కడుందో పక్కన కూర్చునే మనిషికి చూపించండి. అది సగం దాటిందని వాళ్లు అన్న క్షణమే బండి పక్కకు తీసి ఆపండి.