జీతం కాగితం మీద ఎం

ఆ రోజుల్లో న్యూజెర్సీలో పెళ్ళి సంబంధాలు చూసే పెద్దలు జాతకం కన్నా ముందు పే స్టబ్ అడిగేవారు. కన్సల్టెన్సీలు కుర్రాళ్ళను రప్పించి, ప్రాజెక్టు దొరకలేదని నెలల తరబడి జీతం లేకుండా బెంచి మీద కూర్చోబెట్టే కాలం. సంబంధాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రతివాడూ సీనియర్ ఇంజనీరే. అందుచేత గ్రహాలు ఏ ఇంట్లో ఉన్నా, అబ్బాయికి జీతం పడుతోందో లేదో ఆ కాగితం చూసి తేల్చుకునేవారు. అందులో తప్పేముంది, నేనైనా అడుగుతాను. నా గొడవల్లా ఆ కాగితం మీద ఒక మూలగా ఉన్న ఒకే ఒక్క అక్షరంతో.

పార్సిప్పనీలో ఉద్యోగంలో చేరిన రోజున పేరోల్ చూసే ఆవిడ నాకొక ఫారం ఇచ్చింది. (ఆవిణ్ణి మేము స్టేప్లరమ్మ అనేవాళ్ళం. చేతిలో స్టేప్లర్ లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు.) జీతంలో పన్ను ఎంత కోయాలో తేల్చే ఫారం అది. నేను మొదటినుంచీ పద్ధతి గల మనిషిని. సూచనలన్నీ చివరిదాకా చదివితే గాని పెన్ను తీయను. పన్ను తగ్గింపుకు అలవెన్సులు ఎన్ని అన్నచోట, వాళ్ళు చెప్పిన ప్రకారమే నాకోసం ఒకటి, పెళ్ళికాకుండా ఒకే ఉద్యోగం చేస్తున్నందుకు మరొకటి, వెరసి రెండు అని వేశాను. పెళ్ళయిందా కాలేదా అనే గళ్ళ దగ్గర మాత్రం చెయ్యి జారి టిక్కు రెండు గళ్ళ మీదా పడింది. స్టేప్లరమ్మ చూసి, "ఇట్స్ ఓకే హనీ, పక్కన నీ ఇనిషియల్ పెట్టు చాలు" అంది. ఇనిషియల్ సంగతి మనకొకరు చెప్పాలా? బళ్ళో చేరిన నాటినుంచీ పేరుకు ముందు ఇంటిపేరు మొదటి అక్షరం వేస్తూనే ఉన్నాం కదా! చక్కగా 'ఎం' అని రాసి ఇచ్చి వచ్చాను.

మొదటి పే స్టబ్ మీద పన్ను వివరాల దగ్గర 'ఎం-2' అని ఉంది. రెండంటే నా అలవెన్సులు. ఎం అంటే ఇంకేముంటుంది? 'ఈ కంపెనీవారు మర్యాదస్తులు, మన ఇంటిపేరుకు కూడా చోటిచ్చారు' అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. అయినా నిర్ధారణ చేసుకోవడం మంచిదని మా రూమ్మేటు కరీంనగర్ కాగితం కూడా చూశాను. (ఊరి పేరే వాడి పేరు.) వాడిది 'ఎస్-2'. వాడి ఇంటిపేరూ ఎస్‌తోనే మొదలవుతుంది. ఇంక అనుమానానికి తావెక్కడ?

"మనిద్దరి జీతం ఒక్కటే గదరా, నీకు నాకన్న ఎక్కువ పడుతున్నయేంది?" అన్నాడు వాడు.

"మనసుపెట్టి పనిచేస్తే పడతాయి" అన్నాను. (జీతంలో కోయకుండా మిగిలిన పన్నంతా ఏప్రిల్‌లో ఒక్కసారి కట్టినప్పుడు గాని వాడి ప్రశ్నకు అసలు జవాబు నాకు తెలియలేదు.)

ఇలా ఉండగా ప్లేనో నుంచి ఒక పెద్దాయన సంబంధం వచ్చింది. ఆయన అమ్మాయి మాకు దగ్గర్లోనే ఎం.ఎస్. చదువుతోంది. ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడుకున్నాం. రోజుకు అరపేజీకి మించని నా డైరీ ఆ రెండు రోజులూ పేజీలు దాటిపోయిందంటే నా పరిస్థితి మీరే ఊహించుకోండి. ఒక ఆదివారం తండ్రీకూతుళ్ళు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. కరీంనగర్ పకోడీలు వేస్తున్నాడు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని పే స్టబ్ అందుకున్నారు. జీతం చూసి తల ఊపారు. కిందికి వచ్చి ఆగిపోయారు.

"ఇక్కడ ఎం అని ఉందేమిటి బాబూ?"

"మా ఇంటిపేరండీ" అన్నాను వినయంగా.

"నా పే స్టబ్ మీద కూడా ఎం అనే ఉంటుంది. మా ఇంటిపేరు కే తో మొదలవుతుంది."

ఆయన కాగితం నావైపు తిప్పారు.

"ఎం అంటే మ్యారీడ్. మరి ఈ రెండో? నువ్వూ, ఇంకెవరు?"

"ఒకటి నాకండీ. రెండోది... ఒంటరిగా ఉన్నందుకండీ."

"ఒంటరిగా ఉన్నందుకు ఇద్దరా!"

కరీంనగర్ జల్లిగరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు. "అంకుల్, మావానికి పెళ్ళేంది అంకుల్! చాయ్ పెట్టుడు రాదు, కూర వండుడు రాదు. పెళ్ళాం ఉంటే నేనెందుకు చేస్త?" వాడి సాక్ష్యం నా పరువు తీసిందే గాని పెద్దాయన అనుమానం తీర్చలేదు. ఆయన లేచారు. అమ్మాయి మాత్రం ఒక పకోడీ తీసుకుని, "డాడీ, నిజంగా వైఫ్ ఉంటే ఆ పేపర్ మన చేతికి ఎందుకిస్తారు? అంత తెలివితక్కువవాళ్ళా?" అంది. తర్వాత నావైపు చూసి, ఆ చివరి మాట మీద కాస్త సందేహం కలిగినట్టుంది, నవ్వు దాచుకుంది.

"కంపెనీ నుంచి లెటర్ పంపించు. తర్వాత మాట్లాడదాం" అని పెద్దాయన వెళ్ళిపోయారు.

మర్నాడు స్టేప్లరమ్మ నా ఫారం బయటికి తీసి, ఎం మీద వేలు పెట్టింది. "మ్యారీడ్ అని నువ్వే రాశావు."

"అది నా ఇనిషియల్."

"నీ పేరు ఎం తో మొదలవదుగా?"

"ఇంటిపేరు."

"అది లాస్ట్ నేమ్, హనీ."

"మాకు అదే ఫస్ట్."

ఆవిడ కొత్త ఫారం ఇచ్చింది. సంగతంతా చెప్పి ఉత్తరం ఒకటి కావాలన్నాను. రాసిచ్చింది: 'మాకు తెలిసినంతవరకు ఈ ఉద్యోగికి వివాహం కాలేదు.' ప్లేనోకి ఫ్యాక్స్ చేశాను. అరగంటలో ఫోన్. "మాకు తెలిసినంతవరకు అంటే ఏమిటి బాబూ? వాళ్ళకు తెలియనిది ఏదైనా ఉందా?"

ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. "డాడీ ఎస్ చూసేదాకా ఆగుతారట. త్వరగా సింగిల్ అవ్వండి ప్లీజ్. నేను వెయిట్ చేస్తాను." ఒక ఆడపిల్ల అలా అడగడం, అదీ నన్ను! మరుసటి జీతానికీ ఎం పోలేదు. రోజూ భోజనాల వేళకు పేరోల్ గుమ్మం ముందు నిలబడేవాణ్ణి. ఆ పై జీతానికి ఎస్ వచ్చింది. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఫ్యాక్స్ చేశాను. పెద్దాయన ముహూర్తం పెట్టించారు.

పెళ్ళయ్యాక పద్ధతి ప్రకారం మళ్ళీ ఎం కావాలని ఫారం ఇచ్చాను. స్టేప్లరమ్మ నన్ను నమ్మడానికి కొంత వ్యవధి తీసుకుంది. ఈలోగా ఎస్‌తోనే వచ్చిన పే స్టబ్‌ను మా ఆవిడ చూసింది. "బావుందండీ! నేను లేనప్పుడు పెళ్ళాన్ని ఇచ్చారు, నేను రాగానే తీసేశారు" అంది.

రిటైరయ్యాను, ఇప్పుడు నాకు జీతమూ లేదు, పే స్టబ్బూ లేదు. మొన్న కళ్ళ డాక్టరు దగ్గర ఏదో ఫారం ఇచ్చి, తప్పు దిద్దినచోట ఇనిషియల్ పెట్టమన్నారు. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉన్నానా, చెయ్యి మాత్రం తన దారిన ముందుగా ఎం రాసి, అక్కడ ఆగింది. పక్కన కూర్చున్న మా ఆవిడ తొంగి చూసింది.

"ఉండనివ్వండి, ఇప్పుడది నిజమేగా" అంది.

నేను కొట్టెయ్యలేదు.