అంగిట్లో సూది

మా అత్తకు ఇద్దరు కోడళ్లు, ఇద్దరమూ పళ్ల డాక్టర్లమే. పెద్దకోడలు నంద్యాలలో, నేను ఆళ్లగడ్డలో. అత్త ఉండేది నా దగ్గర, పొగిడేది ఆమెను. "పెద్దదాని చెయ్యి వెన్న. సూది ఏసినట్టే తెలీదు" అని నా క్లినిక్ వరండాలో, నా పేషెంట్ల ముందే కూర్చుని చెబుతుంది. విన్నవాళ్లు నా బోర్డు కిందే నిలబడి నంద్యాల బస్సెక్కుతారు. నాకు కడుపు మండదా?

అత్తకు ఆమె పీకింది కింది పన్ను. కింది దవడలో నరమూ, దాని వెంట నెత్తురు నాళమూ వెనకాల ఒకేచోట ఎముకలోకి దూరతాయి. అక్కడ ఒక్క సూది వేస్తే ఆ పక్క పళ్లు, సగం పెదవి మొద్దుబారిపోతాయి. నా వంతుకు పైపన్ను వచ్చింది. దానికి బుగ్గ వైపు సూది చాలదు, అంగిట్లో ఇంకోటి వేయాలి. అక్కడ చర్మం ఎముకను అంటుకుని ఉంటుంది, మందుకు జాగా ఉండదు. ఎవరు వేసినా ప్రాణం పోయి వచ్చినట్టుంటుంది. ఇదంతా చెబితే అత్త ఒక్కమాటలో తేల్చేసింది.

"ఆడలేక మద్దెల ఓడనిందంట. అట్లుండాది నీ కత."

అందుకే పోయిన నెల పైన ఇంకో పన్ను సలుపుతోందని, నంద్యాల పోతానని అంటే నేనే బస్సెక్కించాను. లోపల ఒకటే సంబరం. పెద్దామె సూది ఒక్కసారి ఆ అంగిట్లో దిగితే చాలు, చిన్నదాని చేతి తప్పేం లేదనే మాట వింటాను. ఆ మాట కోసం ఎన్నాళ్ల నుంచి కాచుకుని ఉన్నానో!

సాయంత్రం అత్త బస్సు దిగింది. పన్ను నోట్లోనే ఉంది.

"ఏం అత్తా, పీకలేదా?"

"పైపండ్లు నాకంటే నీ చిన్నకోడలే బాగా పీకుతాది, ఆడికే పో అనింది మే."

నాకు ఒళ్లు మండిపోయింది. అంగిటి సంగతి తనకు తెలియదా? మంచిపేరు తను ఉంచుకుని అరుపులు నాకు పంపించింది.

చేసేదేముంది, మరుసటి రోజు నేనే సూది వేశాను. అత్త అరుపు వరండా దాటి రోడ్డు దాకా వినిపించింది. పన్ను పీకాక కాసేపటికి దూది ఉమ్మేసి, బయట తన చోట్లో కూర్చుంది. అక్కడున్న వాళ్లతో అంటోంది:

"సచ్చినంత పనైంది తల్లీ. ఇట్లాంటిదాన్ని గూడా పెద్దది ఎంత మెచ్చుకునిందో సూడు! ఎంత మంచి మనసు దానిది!"