రాగుల్ని అడుగుదాం

మా వీధిలో రాగుల అంగడి పెట్టుకున్న పెద్దాయనకు చెవులు సరిగ్గా వినపడేవి కావు. అయినా నేను చేసిన బేస్ స్పీకర్ పెట్టెలో తప్పు పట్టింది ఆయనే.

టేపుతో కొలిచి, ఫోన్‌లో గుణించి, "లోపల నలభై లీటర్ల గాలి పడతాది" అని ఆయన చెవి దగ్గర అరిచినాను.

"కాయితం లెక్క వద్దప్పా, రాగుల్ని అడుగుదాం" అన్నాడు. ఏది కొలవాలన్నా ఆయన మాట అదే.

స్పీకర్ బిగించే రంధ్రంలో లీటరు డబ్బాతో రాగులు పోసుకుంటా వచ్చినాడు. ఇరవై ఎనిమిదికే పెట్టె నిండిపోయింది.

"టేపు బయట పెట్టి కొలిచినావా? నీ పెట్టెలో చెక్క కూడా పాడతాదా?" అని కడుపు పట్టుకుని నవ్వినాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంగ ఏం చేసేది, మళ్లీ ప్లైవుడ్ తెచ్చి పెద్ద పెట్టె చేసినాను. దాన్ని ఆయన అంగట్లోనే పెట్టి పాట వేసి, "ఎట్లుండాది?" అని అరిచినాను.

ఆయన పక్కనున్న రాగుల మూటలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకున్నాడు. చేతి చుట్టూ గింజలు సన్నగా వణుకుతా ఉన్నాయి.

నవ్వొచ్చి, ఈయనకేం వినపడతాదిలే అని సౌండ్ తగ్గించబోయినాను.

"ఉండప్పా, పాట అయిపోనీ" అన్నాడు.