అద్దెకిచ్చిన మంచం

మిషనమ్మ కాలు ఒకచోట నిలిచేది కుట్టుమిషను తొక్కేటప్పుడే. అప్పుడూ పాదం ఊరుకోదు, ఆడుతూనే ఉంటుంది. వీధిలో సగం మంది ఒంటిమీది బట్టలు ఆమె చేతివే. ఆమె భర్త బస్సు డ్రైవరు. పదకొండేళ్లుగా రాత్రి డ్యూటీ. తెల్లవారి వచ్చి వెనక గదిలో మంచమెక్కితే మధ్యాహ్నం దాకా ఆయనకు లోకంతో పని లేదు.

ఆ రాత్రి డ్యూటీ మాన్పించి, సొంతంగా చిన్న వ్యాను కొనిపించాలని మిషనమ్మ పట్టు. అందుకే ఇల్లు రోజుల లెక్కన అద్దెకిస్తామని ఫోటోలు ఫోనులో పెట్టింది. విదేశాల నుంచి ఊరు చూడవచ్చేవాళ్లు మూడు రోజులకో, నాలుగు రోజులకో ఇల్లంతా తీసుకునేవారు. అన్నాళ్లూ మొగుడూ పెళ్లాం రెండు వీధుల అవతల మిషనమ్మ అక్క ఇంట్లో ఉండేవారు. పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు నెలకు నాలుగుసార్లు సంచులు అటూ ఇటూ తిరిగేవి.

వెళ్లేముందు ఆ ఇంట్లో తాము బతికిన ఆనవాలు మిగలకూడదని ఆమె పంతం. పెళ్లి ఫోటో, మందుల డబ్బా, పళ్ల బ్రష్షులు బీరువాలో పెట్టి తాళం వేసేది. సబ్బుకి అంటిన వెంట్రుకను కూడా గోటితో తీసేసేది.

అక్క ఇంట్లో డ్రైవరుకి హాల్లో, టీవీ కింద చాప. అక్కకి ముగ్గురు పిల్లలు. "తమ్ముడూ, నువ్వు పడుకో, మేం గుసగుసగా మాట్లాడుకుంటాంలే" అనేవాడు బావగారు. ఆ గుసగుస వీధి మలుపు దాకా వినపడేది.

ఒకరోజు ఆయన బస్సు కండక్టరు మిషనమ్మను దారిలో ఆపాడు. "వదినా, మొన్న ఆకుపచ్చ లైటు పడినా బండి కదల్లేదు. చూస్తే అన్న కళ్లు తెరిచే ఉన్నాడు, మనిషి మాత్రం లేడు. నేను భుజం తట్టాను. రోజూ నేను పక్కన ఉండను కదా."

ఇక ఇల్లు ఎవరికీ ఇవ్వకూడదనుకుంది మిషనమ్మ. కానీ ఆ సాయంత్రమే ముసలి జంట ఒకటి దిగాల్సి ఉంది. ఈ ఒక్కసారికి కానిద్దాం అనుకుని సంచులు సర్దింది.

మర్నాడు పొద్దున ఆమె అక్క ఇంట్లో పరదాలకు చేత్తో అంచులు కుడుతుంటే ఫోను మోగింది. ఆ విదేశీ జంట రాసింది ఫోనే తెలుగు చేసి చూపించింది. 'మా మంచముపై ఒక పురుషుడు నిద్రించుచున్నాడు. ఇతడు అద్దెలో భాగమా?'

జరిగింది ఇదీ: డ్రైవరు డ్యూటీ దిగాడు. బుర్ర పనిచేయకపోయినా కాళ్లకు దారి తెలుసు. జేబులో తాళంచెవి ఉంది. జంట షికారుకు వెళ్లిన సమయంలో వచ్చి, పదకొండేళ్ల అలవాటు ప్రకారం పడుకున్నాడు.

మిషనమ్మ చెప్పులు కూడా మరిచి పరుగెత్తింది. వాళ్లు ఈ ముక్కను ఫోనులో నలుగురూ చదివేచోట రాస్తే ఇక ఈ గడప ఎవరు తొక్కుతారు? చూస్తే ముసలాయన, ఆవిడ బూట్లు చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. మిషనమ్మ దండం పెట్టి లోపలికి దూసుకుపోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఫోను పలికింది: "లేపవద్దు. ఇతడు ఎన్ని దినముల నుండి నిద్రించలేదు?"

రోజూ పడుకుంటాడండీ అనబోయింది. కండక్టరు మాట గుర్తొచ్చింది. "తెలీదు" అంది.

వాళ్లను ఎండలో మెట్ల మీద కూర్చోబెట్టలేక అక్క ఇంటికి తీసుకెళ్లింది.

"ఇదేంటే, మీ ఆయన వస్తాడంటే వీళ్లొచ్చారు?" అంది అక్క.

"ఆయన అక్కడున్నాడు, వీళ్లు ఇక్కడుంటారు. టీ పెట్టు."

పిల్లలు వాళ్ల చుట్టూ మూగారు. టీవీ మోగింది, బావగారు గుసగుసలాడారు. పావుగంటకే ముసలాయన కణతలు నొక్కుకున్నాడు. ఆవిడ టీవీ కిందున్న చాపను, దాని మీది డ్రైవరు దుప్పటిని చూసి, అతను పడుకునేది ఇక్కడా అన్నట్టు వేలు పెట్టి చూపించింది. మిషనమ్మ తల దించుకుంది.

మధ్యాహ్నం డ్రైవరు లేచాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. "పరువు తీశానే."

"తీసింది మీరు కాదు. ఇకనుంచి ముందు గదే అద్దెకి. వెనక గది మీది. ముందు గదిలోని నా మిషను అక్క ఇంటికి పోతుంది."

"ఒక్క గదికి ఎవరొస్తారే? వ్యాను మాటో?"

"వ్యాను కోసం మిమ్మల్ని బస్సుకి బలిపెట్టలేను."

ఆ సాయంత్రమే ఫోనులో కొత్తవాళ్లు అడిగారు, అయిదు రోజులకు ఇల్లంతా కావాలని. మిషనమ్మ బొటనవేలు కాసేపు గాలిలో ఆగింది. 'ముందు గదే ఇస్తాం. వెనక గదిలో మా ఆయన నిద్రపోతుంటారు' అని రాసింది.

జవాబు రాలేదు. అయిదు నిమిషాలకోసారి ఫోను తీసి చూసింది, పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి దాన్ని గుడ్డల మూటలో దోపి, మిషను మోయడానికి ఇద్దరు మనుషులు దొరుకుతారేమోనని వీధిలోకి నడిచింది.